రైలు రావడం లేదని తెలుసా, వస్తున్నట్టు తెలియదా?

ప్లేనో దక్షిణపు అంచున జార్జ్ బుష్ టర్న్‌పైక్ దాటి రిచర్డ్‌సన్‌లోకి వెళితే, కాసేపట్లోనే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్ వస్తుంది. మనవాళ్ళ నోట అది యూటీడీ. 1961లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులు ముగ్గురు పెట్టిన పరిశోధన కేంద్రమే 1969లో యూనివర్సిటీ అయింది. తెలుగు ఇళ్ళలో ఆ పేరు ఎక్కువగా వినబడేది ఎమ్మెస్ అడ్మిషన్ల గురించీ, ఆ తర్వాత వచ్చే హెచ్-వన్ లాటరీ గురించీ. అక్కడ గోపాల్ గుప్తా అనే ప్రొఫెసరూ, ఆయన విద్యార్థులూ ఏళ్ళ తరబడి చేస్తున్న ఒక పని మాత్రం మన కబుర్లలోకి రాదు. ప్రోగ్రాము ఒక నిర్ణయం తీసుకుంటే అది కొన్ని సూత్రాల నుంచి తర్కబద్ధంగా రావాలి, ‘ఎందుకు?’ అని అడిగితే మెట్టు మెట్టుగా చూపించగలగాలి అన్నది వాళ్ళ పట్టుదల. ఆ పట్టుదలకి అరవై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. అందులో లెనిన్‌గ్రాడ్ నుంచి టెక్సస్ చేరిన ఇద్దరున్నారు, కాటూరు నుంచి స్టాన్‌ఫర్డ్ చేరిన ఒకరున్నారు. నా లెక్కలో అన్నంభట్టు కూడా ఉన్నాడు గానీ ఆయన సంగతి తర్వాత.

నిజానికి నిర్ణయాలు తీసుకునే ప్రోగ్రాములు ప్లేనోకి కొత్త కాదు. రాస్ పెరో 1962లో డాలస్‌లో మొదలుపెట్టిన ఈడీఎస్, తర్వాత ప్లేనోలో లెగసీకి మారిన ఈడీఎస్, పెరిగి పెద్దదైంది చాలావరకు మెడికేర్, మెడికెయిడ్ క్లెయిముల లెక్కలు చూసే. ఈ క్లెయిముకి డబ్బులివ్వాలా వద్దా అన్న ప్రశ్న కోబాల్‌లో రాసిన ‘ఇఫ్’ల వరసలోంచి దూరి అవతలికి వచ్చేసరికి అవును అనో కాదు అనో తేలిపోతుంది. అలాంటి కోడ్‌లో నిర్ణయం ఉంటుంది, కారణం ఉండదు. కారణం రాసినవాడి బుర్రలో ఉంటుంది, ఆయన ఎప్పుడో ఉద్యోగం మారిపోయి ఉంటాడు. వైటూకే రోజుల్లో అమెరికా వచ్చిన మన తరంలో చాలామందికి తిండి పెట్టింది ఇలాంటి కోడే. 2008లో హ్యూలెట్ పకార్డ్ ఈడీఎస్‌ని కొనేసింది. ‘ఇఫ్’లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

దీనికి పూర్తిగా వేరే దారి ఒకటుందని మొదట గట్టిగా చెప్పినవాడు జాన్ మెకార్తీ. 1958 చివర్లో ఇంగ్లండులోని టెడ్డింగ్టన్‌లో జరిగిన సభలో ఆయన ఇంగితజ్ఞానం ఉన్న ప్రోగ్రాముల గురించి ఒక వ్యాసం చదివాడు. అందులో ఉదాహరణ చాలా మామూలుది. నేను ఇంట్లో బల్ల దగ్గర కూచున్నాను. కారు ఇంటి దగ్గరే ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలి. ఏం చెయ్యాలి? నడిచి కారు దగ్గరికి వెళ్ళి, ఎక్కి, నడుపుకుంటూ పోవాలి. ఇది పసిపిల్లాడికి తెలుసు. మెకార్తీ అడిగింది ఈ తెలిసిన సంగతుల్నీ, కోరికనీ తర్కవాక్యాలుగా రాసి యంత్రానికిస్తే, చెయ్యాల్సిన పని ఒక నిగమనంగా బయటికి రావాలని. అంటే పని ఎలా చెయ్యాలో యంత్రానికి నూరిపొయ్యడం కాదు, లోకం ఎలా ఉందో చెప్పి ఊరుకోవడం. సభలో ఉన్న బార్-హిల్లెల్ అనే తత్వవేత్త ఇవి సగం ఉడికిన ఆలోచనలని మొహం మీదే అనేశాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మిగతా సగం ఉడకడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక పక్కదారి పట్టక తప్పదు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరిన రాజ్ రెడ్డి 1966లో పీహెచ్‌డీ తీసుకున్నది ఈ మెకార్తీ శిష్యుడిగానే. అయితే గురువుది తర్కం, శిష్యుడిది చెవి. మాట్లాడిన మాటని యంత్రం పట్టుకోవాలన్నది ఆయన పంతం, మాటలో తర్కం కన్నా రొద ఎక్కువ. కార్నెగీ మెలన్‌లో 1970లలో ఆయన బృందం కట్టిన హియర్‌సే-2లో ఒక్క పెద్ద మెదడు లేదు. ధ్వనులు తెలిసిన ముక్క ఒకటి, పదాలు తెలిసినది ఒకటి, వాక్యనిర్మాణం తెలిసినది ఒకటి. అన్నీ ఒకే నల్లబల్లని చూస్తుంటాయి. తనకి తోచిన ఊహని ఒకటి రాస్తే, ఇంకొకటి దాన్ని బలపరుస్తుంది, లేదా పక్కన పెడుతుంది. ఆ బృందంలోని విక్టర్ లెసర్ తర్వాతి కాలంలో పలు ఏజెంట్లు కలిసి పనిచేసే వ్యవస్థలకి ఆద్యుల్లో ఒకడయ్యాడు. రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చినప్పుడు మన పత్రికలు ‘తెలుగువాడు’ అని మురిసిపోయాయి గానీ, గురువు దారి కాదని ఆయన ఎంచుకున్న దారి ఏమిటన్నదే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించే సంగతి. ఈ రెండు దారులూ మళ్ళీ కలిసేది ఈ మధ్యనే, మా పక్క ఊళ్ళో. అక్కడికి వస్తాను.

మెకార్తీ దారిలో మొదటి గొయ్యి 1969లో ఆయనకే కనబడింది. ప్యాట్రిక్ హేస్‌తో కలిసి రాసిన వ్యాసంలో దానికి ఫ్రేమ్ సమస్య అని పేరు పెట్టారు. ఒకతని దగ్గర టెలిఫోన్ ఉంది. డైరెక్టరీ తెరిచి నంబరు చూశాడు. ఇప్పుడు అతని దగ్గర టెలిఫోన్ ఉందా? ఉండక ఎక్కడికి పోతుంది అంటాం మనం. కానీ తర్కానికి ఎవరూ ఆ మాట చెప్పలేదు. నంబరు చూడడం వల్ల టెలిఫోన్ పోదనీ, ఇల్లు కూలదనీ, చొక్కా రంగు మారదనీ విడివిడిగా రాయాలి. మారేవి నాలుగు, మారనివి నాలుగు కోట్లు. స్టాన్‌ఫర్డ్ పక్కనే ఎస్సారైలో షేకీ అనే బండి రోబోని నడిపినవాళ్ళు 1971లో స్ట్రిప్స్ పద్ధతితో ఈ గొయ్యి పక్కనుంచి తప్పుకున్నారు. పని వల్ల కొత్తగా నిజమయ్యేవి ఒక జాబితా, అబద్ధమయ్యేవి ఒక జాబితా, మిగతావి ఉన్నవి ఉన్నట్టే. పని జరిగింది గానీ తర్కశాస్త్రజ్ఞులకి మనసొప్పలేదు.

మనసొప్పకపోవడానికి కారణం ఉంది. మామూలు తర్కంలో ఒకసారి రుజువైంది శాశ్వతం, ఎన్ని కొత్త సంగతులు తెలిసినా వెనక్కి పోదు. మనుషులు అలా ఆలోచించరు. పక్షి అంటే ఎగురుతుంది అనుకుంటాం, అది నిప్పుకోడి అని తెలియగానే ఆ మాట వెనక్కి తీసుకుంటాం. 1980లో ఒక పత్రిక ప్రత్యేక సంచికలో ఇలా వెనక్కి తగ్గగల తర్కాలు మూడు ఒకేసారి వచ్చాయి, అందులో ఒకటి మెకార్తీదే. ఆరేళ్ళు తిరక్కుండానే యేల్‌లో హ్యాంక్స్, మెక్‌డెర్మట్ అనే ఇద్దరు వాటిని ఇరుకున పెట్టారు. ఫ్రెడ్ అనే టర్కీ కోడి ఉంది. తుపాకీ నింపారు, కాసేపు ఆగారు, పేల్చారు. ఫ్రెడ్ చచ్చిందా? ఆగినప్పుడు తుపాకీ దానంతటదే ఖాళీ అయిపోయి ఉండొచ్చు, ఫ్రెడ్ బతికే ఉండొచ్చు అనడానికి కూడా ఆ తర్కాలు ఒప్పుకున్నాయి! ఒక్క కోడి ఇన్ని పేజీల పరిశోధనకి కారణమైన సందర్భం ఇంకోటి ఉండదేమో.

టెక్సస్ ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. మైకేల్ గెల్ఫాండ్, వ్లాదిమిర్ లిఫ్‌షిట్స్ ఇద్దరూ లెనిన్‌గ్రాడ్‌లో గణితతర్కం చదువుకుని అమెరికా వచ్చినవాళ్ళు. గెల్ఫాండ్ ఎల్‌పాసోలో, తర్వాత లబక్‌లో పాఠాలు చెప్పాడు. లిఫ్‌షిట్స్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండి 1991లో ఆస్టిన్ వచ్చాడు. 1988లో ఇద్దరూ కలిసి, ప్రోలాగ్‌లోని ‘కాదు’ అన్న మాటకి నిఖార్సైన అర్థం ఇచ్చారు. ప్రోలాగ్‌లో ‘కాదు’ అంటే ‘అవునని తేల్చలేకపోయాను’ అని అర్థం. మూడేళ్ళ తర్వాతి వ్యాసంలో దాని పక్కన రెండో ‘కాదు’ని కూడా కూచోబెట్టారు, ‘కాదని తేలింది’ అనేది. ఎందుకు రెండు కావాలో చెప్పడానికి మెకార్తీ ఇచ్చిన ఉదాహరణ వాడుకున్నారు. స్కూలు బస్సు రైలు పట్టాల ముందు ఆగింది. దాటొచ్చా?

ఒక సూత్రం ఇలా ఉంటుంది: రైలు వస్తున్నట్టు తెలియకపోతే దాటు. ఇంకోటి ఇలా: రైలు రావడం లేదని తెలిస్తే దాటు. చదవడానికి రెండూ ఒకటిలాగే ఉంటాయి. మొదటి సూత్రం ప్రకారం డ్రైవరు కళ్ళు మూసుకుని ఉన్నా దాటొచ్చు, మూసుకుంటే రైలు వస్తున్నట్టు తెలియదు కదా. కాపలా లేని లెవెల్ క్రాసింగులు దాటిన మనకి ఈ తేడా కొత్తగా చెప్పక్కర్లేదు. తెలుగులోనైతే అసలు ‘లేదు’కీ ‘తెలియదు’కీ మధ్య ఉన్న ఈ ఎడం నాలుక మీదే ఉంటుంది. “అయ్యగారున్నారా?” అంటే “లేరండీ” అనే పనిమనిషి వేరు, “చూళ్ళేదండీ” అనే పనిమనిషి వేరు.

మన శాస్త్రాల్లో ఈ ప్రశ్న మీద పెద్ద రచ్చే జరిగింది. నేల మీద కుండ లేదని మనకెలా తెలుస్తుంది? కనబడకపోవడమే ఒక ప్రత్యేక ప్రమాణం అన్నారు కుమారిలభట్టు శిష్యులు. అక్కర్లేదు, అదీ ప్రత్యక్షంలో భాగమే అన్నారు నైయాయికులు. కానీ ఇద్దరూ పెట్టిన షరతు ఒకటే: అక్కడ కుండ ఉండి ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. చీకట్లో కుండ కనబడకపోతే లేదన్నట్టు కాదు. దెయ్యం కనబడకపోయినా లేదని దాంతో తేల్చలేం, అది కనబడే సరుకు కాదు కాబట్టి. మొదటి ‘కాదు’ నుంచి రెండో ‘కాదు’కి ఎప్పుడు వెళ్ళొచ్చో చెప్పే షరతు ఇదే. పట్టాలు రెండు వైపులా దూరందాకా కనబడుతుంటే, రైలు కనబడకపోవడం రైలు రాకపోవడమే. మలుపు ఉంటే కాదు. డేటాబేసులు రాసేవాళ్ళు రోజూ తీసుకోవాల్సిన నిర్ణయం ఇది. మా పట్టికలో లేనిది లోకంలో లేనట్టేనా అన్నది.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదని నాకు తెలిసొచ్చింది మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, అందరం తీసుకునేదే. ఛాతీలో నొప్పి వచ్చి ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంచాల్సొచ్చింది. క్లెయిము పెడితే ‘పాత జబ్బు’ అని తిరగ్గొట్టారు. ఆవిడకి గుండెజబ్బు లేదు. ఫోన్ చేస్తే ఎత్తినావిడ పాపం మర్యాదగానే, సిస్టమ్ అలా చూపిస్తోంది అంది. నాలుగు ఫోన్ల తర్వాత అర్థమైంది ఏమిటంటే, పాత జబ్బు లేదని రుజువు చేసే ఐదేళ్ళ రికార్డులు మా దగ్గర్నుంచి రాలేదు కాబట్టి ఉన్నట్టే లెక్క. రాజమండ్రిలో ఏ జబ్బూ లేని మనిషి దగ్గర ఏ రికార్డులుంటాయి? డాక్టరు దగ్గరికి వెళ్తే కదా కాగితాలు పుట్టేది! సూత్రంలో ఎవరో ఒక ‘కాదు’ బదులు ఇంకో ‘కాదు’ రాశారు. ‘తెలియదు’ బరువు ఎవరి నెత్తిన పడాలన్నది అక్కడ తేలిపోయింది. అది తర్కం తేల్చేది కాదు, మనిషి తేల్చి తర్కంలో పెట్టేది. తర్కంలో రాసి ఉంటే కనీసం ఏ వాక్యం దగ్గర పెట్టారో వేలెత్తి చూపించొచ్చు.

గెల్ఫాండ్, లబక్‌లోని ఆయన సహచరులూ 2001 నాటికి ఈ తర్కాన్ని అంతరిక్ష నౌక దాకా తీసుకెళ్ళారు. స్పేస్ షటిల్‌ని కక్ష్యలో తిప్పే చిన్న జెట్లు 44. వాటికి ఇంధనం చేర్చే గొట్టాలు, కవాటాలు, స్విచ్చులు బోలెడు. ఒక్కటి చెడితే ఏం చెయ్యాలో హ్యూస్టన్‌లో ముందే రాసిపెట్టి ఉండేది. ఒకేసారి రెండు మూడు చెడితే? అన్ని కలయికలకీ ముందే రాయడం కుదరదు. ఏ కవాటం తెరిస్తే ఏమవుతుందో తర్కవాక్యాల్లో రాసి, ఈ తిప్పుడు కావాలి, ఇవి చెడ్డాయి, ఏ స్విచ్చులు వెయ్యాలో చెప్పమని అడిగారు. 1958 నాటి ఎయిర్‌పోర్టు ప్రయాణమే ఇది, కారు బదులు షటిల్. విచిత్రం ఏమిటంటే అంతకు పదేళ్ళకి పైగా ముందు ఎస్సారైలో మైకేల్ జార్జెఫ్ బృందం సరిగ్గా ఇదే జెట్ల వ్యవస్థ మీద తమ పద్ధతిని పరీక్షించింది. ఆ పద్ధతి వేరు. అక్కడ ఏజెంటు ప్రతిసారీ మొదట్నుంచి ఆలోచించదు. దానికి కొన్ని నమ్మకాలు, కొన్ని లక్ష్యాలు, ముందే నేర్చిన కొన్ని పద్ధతులు ఉంటాయి. పరిస్థితిని బట్టి ఒక పద్ధతికి కట్టుబడుతుంది.

ఆ ‘కట్టుబడడం’ వెనక మైకేల్ బ్రాట్‌మన్ అనే తత్వవేత్త 1987లో రాసిన పుస్తకం ఉంది. కోరిక వేరు, సంకల్పం వేరు అంటాడాయన. ఒకదానికొకటి పొసగని కోరికలు ఎన్నైనా ఉండొచ్చు, సంకల్పాలు అలా ఉండకూడదు. పైగా సంకల్పం ఒకసారి కలిగాక నిలబడుతుంది, దానికి అడ్డొచ్చే ఆలోచనల్ని లోపలికి రానివ్వదు. జార్జెఫ్, ఆనంద్ రావు 1991లో ఈ నమ్మకం, కోరిక, సంకల్పం మూడింటికీ తర్కం కట్టారు. సంకల్పం వదలడంలో మూడు రకాల ఏజెంట్లని వర్ణించారు. నెరవేరిందని నమ్మేదాకా వదలని గుడ్డిది, కుదరదని తెలిస్తే వదిలేది, కోరికే పోతే వదిలేది. మా బంధువుల్లో మూడు రకాల వాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడు అన్నంభట్టు. 17వ శతాబ్దపు ఈ పండితుడు ఆంధ్రుడని సంప్రదాయం. తర్కం మొదలుపెట్టే ప్రతివాడూ మొదట పట్టేది ఆయన తర్కసంగ్రహమే. ఆయన లెక్కించిన ఇరవైనాలుగు గుణాల్లో బుద్ధి, ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం ఉన్నాయి. తెలుసుకుంటాడు, కోరుకుంటాడు, పూనుకుంటాడు అన్నది నైయాయికుల వరస. విశ్వనాథుడి పేర ఉన్న ముక్తావళి దీన్ని ఇంకా విప్పింది. చికీర్ష, అంటే చెయ్యాలన్న ఇచ్ఛ, పుట్టాలంటే మూడు తెలియాలి. ఇది నా ప్రయత్నంతో అయ్యే పని. దీనివల్ల నాకు కావలసింది దొరుకుతుంది. దీని వెంట అంతకన్నా బలమైన కీడు రాదు. వాన కావాలని ఉంటుంది, కురిపించాలని పూనుకోం, మొదటిది లేదు కనక. విషం కలిసిన తేనె తియ్యగానే ఉంటుంది, మూడోది ఆపుతుంది. రావు, జార్జెఫ్ తమ వ్యాసంలో పన్ను కట్టించుకోబోయే మనిషి గురించి తల పట్టుకున్నారు. నొప్పి పుడుతుందని తెలిసీ వెళ్తున్నాడు, మరి నొప్పిని కూడా సంకల్పించినట్టేనా? కాదనిపించేలా తర్కాన్ని కట్టడానికి వాళ్ళు చాలా అవస్థపడ్డారు. నైయాయికుడైతే ఆ నొప్పి బలమైన కీడు కాదు, అందుకని చికీర్షని ఆపదు అని ఊరుకునేవాడు.

అన్నీ మనవాళ్ళు ముందే చెప్పేశారనే జబ్బు నాకు లేదు. ఆ మూడు జ్ఞానాల వరసలో బ్రాట్‌మన్ చెప్పిన కాలం లేదు. నిన్న అనుకున్నది ఇవాళ నన్ను ఎందుకు కట్టిపడేస్తుందన్నది ఆ వరస అడగదు. గుర్తులతో లెక్కకట్టే తర్కమూ కాదది. కానీ పనికి ముందు మనసులో ఉండాల్సిన వాక్యాలేమిటో విడదీసి రాయాలన్న పట్టుదల మాత్రం ఒకటే. ఇంకోమాట: రావు, జార్జెఫ్‌ల తర్కం కాగితం మీద ఎంత అందంగా ఉన్నా నడిచే ప్రోగ్రాములకి దూరంగా ఉండిపోయింది. 1996లో ఆనంద్ రావు ఏజెంట్‌స్పీక్ అనే భాషని ప్రతిపాదిస్తూ ఆ దూరాన్ని దాచకుండా ఒప్పుకున్నాడు, నడిచే వ్యవస్థల వైపు నుంచే తర్కాన్ని కట్టుకొచ్చాడు.

మా పక్క ఊరి కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది 2016లో వచ్చిన గుండె వైఫల్యం రోగుల పని. దానికి చికిత్స ఎలా చెయ్యాలో అమెరికన్ వైద్యసంఘాల మార్గదర్శకాలు దాదాపు 80 పేజీలు. అన్ని షరతులు బుర్రలో పెట్టుకుని మందు రాయడం ఏ డాక్టరుకైనా కష్టమే. యూటీడీ బృందం ఆ పేజీలన్నిటినీ గెల్ఫాండ్, లిఫ్‌షిట్స్‌ల తర్కంలోకి రాసింది. రాస్తుంటే వైద్యుల ఆలోచనకి కొన్ని అచ్చులున్నాయని తేలింది. ఒక అచ్చు: వద్దనడానికి కారణం కనబడకపోతే ఇవ్వు. ఇంకో అచ్చు: ఇవ్వడానికి ఆధారం కనబడితేనే ఇవ్వు. రెండు ‘కాదు’లూ ఇక్కడ మందుచీటీ మీదికొచ్చాయి. ఎక్కడ ఏది అన్నది ప్రోగ్రామర్ తోచినట్టు రాసింది కాదు, డాక్టర్లు చదివి తప్పొప్పులు చెప్పగలిగేలా ఉంది. 2018లో స్పెయిన్‌లోని సహచరులతో కలిసి ప్రకటించిన ఎస్-కాస్ప్ అనే వ్యవస్థ ఇంకో మెట్టు. అడిగిన ప్రశ్నకి జవాబుతోబాటు, ఆ జవాబు ఏ వాక్యాల మీద నిలబడిందో చెట్టులా చూపిస్తుంది. ఎందుకు కాదో కూడా చూపిస్తుంది. మా అమ్మ క్లెయిము విషయంలో నాకు కావలసింది అదే.

2023 నుంచి వాళ్ళు పెద్ద భాషానమూనాల్ని కలుపుకున్నారు. మనం మామూలు మాటల్లో చెప్పింది భాషానమూనా తర్కవాక్యాలుగా మారుస్తుంది, ఆలోచించడం మాత్రం తర్కం చేస్తుంది. రెస్టారెంటు సూచించే ప్రోగ్రాము ఒకటి ఇలాగే కట్టారు. ఏం తినాలని ఉంది, ఎంత ఖర్చు పెట్టగలరు అన్నవాటిలో ఏది తెలియలేదో తర్కానికి తెలుస్తుంది కాబట్టి, ఊహించేసుకోకుండా అదే అడుగుతుంది. చెవి తెలిసిన శిష్యుడి దారీ, తర్కం తెలిసిన గురువు దారీ ఇక్కడ కలిశాయనుకుంటాను. ఇప్పుడు అందరూ మాట్లాడుతున్న ఏజెంట్లు, టిక్కెట్లు కొనేవీ, ఉత్తరాలు రాసేవీ, చాలావరకు భాషానమూనా ఒక్కదాని మీదే నడుస్తున్నాయి. ఎందుకు చేశావని అడిగితే అవీ చక్కటి కారణం చెబుతాయి. ఆ కారణం వల్లే అలా చేశాయా, అడిగారు కాబట్టి అప్పుడు అల్లాయా అన్నది వాటి మాటల్లోంచి తేలదు.

కలిపిన పద్ధతికీ బలహీనమైన చోటు ఒకటుంది. మాటని వాక్యంగా మార్చేటప్పుడు భాషానమూనా పొరబడితే, తర్కం ఆ పొరపాటుని నమ్మకంగా చివరిదాకా మోసుకుపోతుంది. ‘ఈ మధ్య నొప్పి లేదు’ అన్నదాన్ని ‘నొప్పి లేదు’ అని మారిస్తే, ఆ తర్వాతి మెట్లన్నీ సరిగ్గానే ఉంటాయి. కొండ మీది పొగమంచుని పొగ అనుకుని నిప్పుందన్నవాడి అనుమానంలో వ్యాప్తి తప్పు కాదు, చూసిన చూపు తప్పు. హేతువు అక్కడ అసలు లేనే లేదు గనక తర్కసంగ్రహం దాన్ని అసిద్ధాల లెక్కలో వేస్తుంది. ఎస్-కాస్ప్ చూపించే చెట్టులో అది అన్నిటికన్నా కింద, ఆకు దగ్గర ఉంటుంది. అక్కడిదాకా దిగి చూసే ఓపిక మనిషికి ఉండాలి.